మంచివాళ్లే, మన జోలికి రారు

అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఆడవాళ్లం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంటుంది. నీళ్లు ఎన్ని గంటలు వస్తాయి, మీటరు విడిగా ఉందా లాంటివన్నీ మగవాళ్లు అడుగుతారు. మనం మాత్రం ఖాళీ చేసి వెళ్తున్నావిడనో, పక్క వాటాలో ఉన్నావిడనో గేటు దగ్గర ఆపి, గొంతు తగ్గించి, "ఓనర్లు ఎలాంటివాళ్లండీ?" అంటాం. దానికి వచ్చే జవాబుల్లో అన్నిటికంటే మంచిది ఏదో మీకూ తెలుసు. "మంచివాళ్లేనండీ, మన జోలికి రారు."

రెండేళ్ల కిందట ఆ మాట నేనూ అన్నాను. అనకుండా ఉండాల్సింది.

విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఆ ఇంట్లో ఏడేళ్లున్నాం. మేం ఉండేది పై వాటా, మా నెత్తిన డాబా. ఓనరుగారు అమెరికాలో ఉంటారు. ఏడేళ్లలో ఆయన్ని ఒక్కసారి చూశాను, అదీ కారు దిగకుండా ఇంటిని ఫోన్‌లో ఫొటో తీసుకుంటుంటే. అద్దె వసూలు చేసేది ఆయన బావమరిది. ఒకటో తారీఖు పొద్దున తొమ్మిదింటికల్లా ఫోన్ మోగేది. మిగతా ఇరవైతొమ్మిది రోజులూ ఆ నంబరు మనం చేస్తే మోగుతూనే ఉండేది, ఎత్తేవాళ్లు ఉండరు.

మధ్యగది శ్లాబులో మూడో ఏడు ఒక గోధుమరంగు మరక వచ్చింది. డాబా మీద వాన నీళ్లు పోయే దారి సరిగ్గా లేదు, నిలిచిపోయేవి. నీళ్లు కిందికి దిగాయి, దానికి తోడు సముద్రం మీది ఉప్పుగాలి. లోపలి ఇనప ఊచలు తుప్పు పట్టాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుందట. ఉబ్బి చుట్టూ ఉన్న సిమెంటును బయటికి నెట్టేస్తుందట. అందుకే ముందు మరక, తర్వాత సన్న పగులు, తర్వాత పెచ్చు. ఇదంతా నాకు మేస్త్రీ చెప్పాడు, మా డబ్బుతో మేం పిలిపించుకున్న మేస్త్రీ. పైన డాబా బాగు చేయకుండా కింద ఎన్నిసార్లు సిమెంటు పూసినా ఊడుతూనే ఉంటుందమ్మా అన్నాడు.

బావమరిదిగారికి చెప్పాను. "చూద్దాంలెండి" అన్నారు. మళ్లీ చెప్పాను. "సారుకి చెప్తాను." మళ్లీ చెప్పాను. "ఇంత ఇంట్లో అదొక్కటే కదమ్మా." నాలుగోసారి, "ఇంతకుముందు ఉన్నవాళ్లెవరూ అడగలేదండీ, మీకే వచ్చిందా ఈ సమస్య?" అన్నారు. ఒక రోజు పొద్దున అరచెయ్యంత పెచ్చు ఊడి నా కుట్టు మిషను మీద పడింది. అప్పుడు ఒక మనిషిని పంపి అక్కడ సిమెంటు మెత్తించి, పైన సున్నం కొట్టించారు. ఆ నెల నుంచే అద్దె పెంచారు.

మేం రెండు వీధుల అవతల ఇంకో ఇల్లు చూసుకున్నాం. సామాను సర్దుతున్న రోజు ఒక చిన్న జంట ఇల్లు చూడ్డానికి వచ్చింది. ఆ అమ్మాయి చంకలో ఐదు నెలల బిడ్డ. గదులన్నీ తిరిగి చూసి, మధ్యగదిలో ఊయల కొక్కెం చూపించి మురిసిపోయింది. గేటు దగ్గరికి వచ్చాక అడిగింది. "ఓనర్లు ఎలాంటివాళ్లక్కా?"

మా రెండు నెలల అడ్వాన్సు ఇంకా చేతికి రాలేదు. బావమరిదిగారు పది అడుగుల దూరంలో స్కూటరు మీద కూర్చుని ఉన్నారు. అది ఒక కారణం. కానీ అదొక్కటే అని చెప్పి తప్పించుకోను. ఆయన అక్కడ లేకపోయినా నేను బహుశా అదే అనేదాన్ని. నోటికి అలవాటైన మాట. "మంచివాళ్లేనమ్మా, మన జోలికి రారు."

నాలుగు నెలలకి ఆ కొక్కెం చుట్టూ ఉన్న పెచ్చు మొత్తం, కొక్కెంతో సహా కిందికొచ్చింది. దేవుడి దయ, బిడ్డ అప్పుడే ఏడిస్తే ఎత్తుకుంది. పెచ్చు ఆ అమ్మాయి భుజం మీద పడింది. ఎముక విరగలేదు కానీ ఆరు వారాలు చెయ్యి పైకి లేవలేదు. నాకు ఫోన్ చేసింది. తిట్టలేదు. "మంచివాళ్లన్నారు కదక్కా" అంది, అంతే.

ఆ రోజు నుంచి ఈ "మంచివాళ్లు" అనే మాట నన్ను వదల్లేదు. నేను చదివింది బి.ఏ. తెలుగు. ఆ డిగ్రీ ఎందుకు పనికొస్తుందో చెప్పమని మా ఆయన ఇరవై ఏళ్లుగా అడుగుతున్నారు. ఇదిగో, దీనికి పనికొచ్చింది. ఒక మనిషి ఇంకొకరి ఇంటి పైకప్పు కూలుతుందని తెలిసి కూడా నెలనెలా అద్దె పుచ్చుకుంటూ ఊరుకుంటే, ఆ మనిషిని తెలుగులో ఏమంటారు? వెతికాను. దొరకలేదు.

సొంతదారులకి మాటలు లేక కాదు. మాది ఒకప్పుడు జమీందారీ ప్రాంతం, మా తాతయ్య నోట ఈ మాటలు చిల్లర పైసల్లా గలగలలాడేవి. జమీందారు, ఇనాందారు, ఏజెన్సీ వైపు ముఠాదారు. భూస్వామి, కామందు, మోతుబరి, ఆసామి. తెలంగాణ వైపు వెళ్తే దేశ్‌ముఖ్, జాగీర్దారు, మక్తేదారు, అన్నిటికీ కలిపి దొర. ఏ భూమి ఎవరి నుంచి ఏ హక్కుతో వచ్చింది, ఎవరికి ఎంత శిస్తు కట్టాలి అన్నదాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో మాట. 1948లో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం, 1949లో హైదరాబాదులో జాగీర్ల రద్దు వచ్చాక ఆ పదవులు పోయాయి, మాటలు మాత్రం మిగిలాయి.

ఆ మాటల పుట్టుక చూస్తే ఇంకా సరదాగా ఉంటుంది. మోతుబరి అంటే మనకి డబ్బున్న రైతు. అది అరబ్బీ మాట నుంచి వచ్చింది, అక్కడ అర్థం నమ్మదగినవాడు. డబ్బుంటే నమ్మదగినవాడే అని మనం సర్దుకున్నాం కాబోలు. కౌలు అన్నదీ అరబ్బీయే, అర్థం మాట, ఇచ్చిన మాట. కౌలుకిచ్చిన వాళ్లలో ఎంతమంది మాట మీద నిలబడ్డారో కౌలు రైతు పెళ్లాన్ని అడగండి. ఇక యజమాని. ఇది మన సంస్కృతమే. యజ్ఞం చేయించేవాడు యజమానుడు. అంటే ఖర్చు పెట్టేవాడు, ఋత్విక్కులకి దక్షిణ ఇచ్చేవాడు, ఫలం కావాలంటే ముందు తన చేతి నుంచి వదలాల్సినవాడు. ఇవాళ స్టాంపు కాగితం మీద "గృహ యజమాని" అని రాసుకుంటున్న వాళ్లెవరికైనా ఈ సంగతి చెప్పి చూడండి. ఎవరి యజ్ఞం, ఎవరి దక్షిణ!

ఇంకో చిత్రం. ఈ మాటల్లో సగం మొగుడికీ పనికొస్తాయి. కామందు అన్నది ఖావింద్ నుంచి వచ్చింది, ఉర్దూలో ఖావింద్ అంటే భర్త కూడా. భూమికీ పతి, మనకీ పతి. "మా ఇంటాయన" అంటే ఒక ఊళ్లో మొగుడు, ఇంకో ఊళ్లో అద్దె తీసుకునేవాడు. "ఇంటివాళ్లు" అంటే సొంత కుటుంబం అనీ అర్థం వస్తుంది, "ఇంటివాళ్లు వచ్చి అద్దె అడిగారు" అనీ వాడతాం. మన పేరేమో గృహిణి, ఇల్లాలు. రెండింటిలోనూ ఇల్లుంది, ఒక్కదాని పేరు మీదా పట్టా లేదు. ఈ ముక్క రాసి మా ఆయనకి చూపిస్తే నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, శ్లాబు కింద రోజుకి ఇరవై గంటలుండేది ఎవరు? చెమ్మ పట్టిన గోడకి ఆనించిన బీరువాలో పట్టుచీరలకి బూజు పడితే ఎండలో వేసేది ఎవరు? పిల్లాడికి ఆయాసం వస్తే రాత్రంతా వీపు రాస్తూ కూర్చునేది ఎవరు? అందుకే ఓనరుకి ఫోన్ చేసేది కూడా మనమే. అప్పుడు మనకో పేరొస్తుంది.

అవును, మనకి పేర్లున్నాయి. రిపేరు చేయించమని రెండుసార్లు అడిగితే "నస". మూడోసారి అడిగితే "గొడవ మనిషి". అద్దెలోంచి పట్టుకుంటాం అంటే "గయ్యాళి". పోనీ మగవాడు అడిగితే? "సారు కొంచెం స్ట్రిక్టు." చూడండి, పెచ్చు రాలిన ఇంటాయనకి మాట లేని భాషలో, పెచ్చు రాలిందని చెప్పిన ఆడదానికి మాత్రం ఎన్ని మాటలో.

లేకపోవడమే కాదు, అంతకంటే ఘోరం జరిగింది. ఉన్న ఒక్క మంచి మాటనీ తీసుకెళ్లి వాళ్లకే అంటగట్టాం. మన జోలికి రాకపోవడం మంచితనం ఎప్పటినుంచి అయింది? దానికీ కారణం ఉంది, కాదనను. జోలికి వచ్చే ఓనర్లు ఎలా ఉంటారో అనుభవించాం కాబట్టి. ఏ కులం, మాంసం వండుతారా, చుట్టాలు ఎన్నాళ్లుంటారు, రాత్రి పదింటికి గేటు తాళం, ఒంటరి ఆడదానికి ఇవ్వం. నీళ్ల మోటరు స్విచ్ తమ వంటింట్లో పెట్టుకుని మన బట్టల ఉతుకు మీద లెక్కలు తీసేవాళ్లు. వీళ్లతో వేగి వేగి, ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఇల్లు చూడ్డానికి రానివాడు దేవుడిలా కనిపిస్తాడు. అదుపు చేసే ఓనరుకీ పట్టించుకోని ఓనరుకీ మధ్య మూడో రకం ఉంటాడని మనం ఆశించడమే మానేశాం.

ఉంటారు. నా చిన్నప్పుడు విజయనగరంలో మేం అద్దెకున్న పెంకుటింటి మామ్మగారు అలాంటి మనిషే. తొలకరి ముందు నిచ్చెన వేయించి, తను అరుగు మీద కూర్చుని, పగిలిన పెంకు ఏదో మా అమ్మ చేతే చూపించి మార్పించేది. కారేది నీ నెత్తి మీద కదా, నీకే తెలుస్తుంది అనేది. ఆవిడకి ఆ అద్దె తప్ప ఆధారం లేదు. పెన్షన్ లేదు. అద్దె ఆలస్యమైతే మొహమాటం లేకుండా అడిగేది, మా నాన్న మొహమాటం లేకుండా ఇచ్చేవారు. అలాంటి ఆవిడనీ, మూడు దేశాల అవతల కూర్చుని ఇంటిని ఫొటోలో చూసుకునే ఆయననీ, అపార్ట్‌మెంట్లో పది ఫ్లాట్లు కొనిపెట్టి రేటు పెరిగేదాకా తాళం వేసి ఉంచే ఆయననీ, తాతల ఇంట్లో అన్నదమ్ముల వాటాలు తేలక రిపేరు ఎవరు చేయించాలో తెలియక కొట్టుకునేవాళ్లనీ, అందర్నీ "ఓనరు" అనే ఒక్క ఇంగ్లీషు ముక్కలో కుక్కేశాం. పొలం ఉన్నవాళ్లకి పది పేర్లు పెట్టిన భాషకి ఇల్లు ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంత బద్ధకం ఏమిటి?

మా అక్క కూతురు ఫ్రాన్స్‌లో చదువుతోంది. నా గోలంతా విని, పిన్నీ, ఇక్కడ దీనికి మాట ఉంది అని చెప్పింది. మనుషులు ఉండడానికి పనికిరాని గదుల్ని ఎక్కువ అద్దెకి ఇచ్చేవాణ్ని వాళ్లు "నిద్ర వర్తకుడు" అంటారట. పేపర్లలో రాస్తారట, మంత్రులు మాట్లాడతారట. జర్మన్లో అయితే "అద్దె సొరచేప". ఇంగ్లీషులో స్లమ్‌లార్డ్ ఉండనే ఉంది. అంతకంటే నాకు నచ్చింది, పేరు పెట్టి మరీ దుమ్మెత్తిపోసిన కథలు. లండన్‌లో నాటింగ్‌హిల్ ప్రాంతంలో పీటర్ రాక్మన్ అని ఒకాయన ఉండేవాడు. వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లవాళ్లకి వేరెవరూ ఇల్లివ్వని రోజుల్లో పాడుబడ్డ ఇళ్లు విపరీతమైన అద్దెలకి ఇచ్చాడు. 1962లో పోయాడు. ఆయన పోయినా రాక్మనిజం అనే మాట ఇంగ్లీషు నిఘంటువులో ఉండిపోయింది. అంతదాకా ఎందుకు, మనం రోజూ వాడే బాయ్‌కాట్ ఎక్కడిది? ఐర్లండ్‌లో ఊళ్లో ఉండని ఒక ప్రభువు తరఫున కౌళ్లు వసూలు చేసిన మనిషి ఇంటి పేరు అది. 1880లో ఆ ఊళ్లో ఆయనకి ఎవరూ కోత కోయలేదు, సరుకు అమ్మలేదు, పలకరించలేదు. అంటే బావమరిదిగారి వంటి వసూలుదారుడి పేరు ప్రపంచమంతా తిట్టుగా మారింది! ఇది తెలిసిన రోజు నేను రెండు పూటలా సంతోషంగా వంట చేశాను.

మాట ఉంటే ఏమొస్తుంది, చట్టం కావాలి గానీ అంటారు కొందరు. చట్టాలున్నాయమ్మా. మా తమ్ముడు లాయరు, వాడు చూపించాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. ఇంటాయన చేయించాల్సిన మరమ్మతు నోటీసిచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలోంచి పట్టుకోవచ్చు. మరి చేయించాల్సినది ఏది అంటే ఒప్పంద పత్రం చూడమంటాడు వాడు. మన ఒప్పంద పత్రాల్లో ఏముంటుంది? పదకొండు నెలలు అనీ, గోడలకి మేకులు కొట్టరాదనీ ఉంటుంది. శ్లాబు సంగతి ఉండదు. 2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. నివాసానికైతే అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదని అందులో ఉంది. ఏ పని ఎవరిదో పట్టిక కూడా వేశారు. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడల సున్నం, తలుపుల రంగులు, పైపులు, వైరింగు ఇంటాయనవి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, కాలవ శుభ్రం మనవి. ఎంత చక్కగా ఉందో! అయితే అది నమూనా, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. ఇవన్నీ ఉన్నా, చేతిలో కాగితం పట్టుకుని "మీరు చేయాల్సింది చేయలేదు" అని అడగడానికి ముందు, ఆ మనిషి చేసేది తప్పు అని మనకే అనిపించాలి కదా. మంచివాళ్లు అని పిలుస్తున్నవాళ్ల మీద నోటీసు ఎవరిస్తారు?

దొర అన్న మాట సంగతి చూడండి. ఒకప్పుడు అది గౌరవం, భయం. మా వైపు ఇప్పటికీ "దొరలాంటి మనిషి" అంటే మెచ్చుకోలే. తెలంగాణలో సాయుధ పోరాటం తర్వాత ఎంతమంది నోట ఆ మాట రుచి మారిపోయిందో! గడీ అన్నా అంతే. మాటని ఎవరూ మార్చలేదు, జనం దాని వెనక జరిగిందంతా గట్టిగా చెప్పుకున్నారు, ఆ మాటకి ఆ మసి అంటుకుంది. మరి మనం చెప్పుకోం. ఖాళీ చేసేటప్పుడు గొడవెందుకులే అనుకుంటాం. మన పెద్ద తెలుగు నిఘంటువే పిఠాపురం జమీందారుగారి పేరు మీద ఉంది, అందులో ఓనర్ని తిట్టే మాట వెతకడం నాదే బుద్ధి తక్కువ.

అందుకని నేనే కొన్ని కట్టాను. "చెమ్మదొర" అనుకున్నాను, బాగానే ఉందనిపించింది. "పెచ్చులరాయుడు" అనుకున్నాను. "వసూలయ్య" అన్నది మా చెల్లి. ఇవన్నీ కాగితం మీద బాగున్నాయి, నోట్లో నిలవలేదు. బి.ఏ. చదివినవాళ్లు కట్టిన మాటలకి ఆ జబ్బుంటుంది. చివరికి మాట ఎక్కడ దొరికిందంటే మా ఇంట్లో పనిచేసే అప్పలమ్మ దగ్గర. వాళ్లది రేకుల గది, వానొస్తే గిన్నెలు పెట్టుకుని కూర్చోవాలి. ఒక రోజు ఆలస్యంగా వచ్చి, "ఒకటో తారీకోడు వచ్చాడమ్మా, అందుకే" అంది. ఎవరే అంటే, "ఇంటోడే. మిగతా రోజులు బతికున్నాడో లేదో తెలీదు" అంది. నేను పప్పు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అమెరికాలో ఉన్నా రేకుల గదుల వెనక వీధిలో ఉన్నా సరిపోతుంది ఆ మాట. తిట్టు కూడా కాదు, ఆ మనిషి చేసేదేదో అదే. మామ్మగారికి ఆ మాట అతకదు చూడండి, అక్కడే తెలిసిపోతుంది అది సరైన మాటని.

ఆ అమ్మాయి వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. గేటుకి మళ్లీ టులెట్ బోర్డు వేలాడుతోంది. మధ్యగదిలో కొత్త సున్నం వేశారని పాలబ్బాయి చెప్పాడు. కొక్కెం ఉన్న చోట కూడా తెల్లగా నున్నగా ఉందట.

పోయిన వారం కూరగాయల బండి దగ్గర ఒకావిడ పలకరించింది. మీరు ఇదివరకు ఆ పై వాటాలో ఉండేవారట కదండీ, ఇల్లు బాగుంది, గాలి బాగా వస్తోంది అంది. తర్వాత కొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

"ఓనర్లు ఎలాంటివాళ్లండీ?"

మధ్యగది శ్లాబు రెండుసార్లు ఊడిందని చెప్పాను. ఒకసారి నా మిషను మీద, ఒకసారి ఒక పిల్ల తల్లి భుజం మీద. డాబా మీద వాననీళ్లు నిలుస్తాయి, దాన్ని బాగు చేయించకుండా కింద సున్నం మాత్రం కొట్టిస్తారని చెప్పాను. నాలుగుసార్లు అడిగితే ఏమన్నారో అదీ చెప్పాను. గొంతు తగ్గించలేదు. బండబ్బాయి తూకం ఆపి వింటున్నాడు.

ఆవిడ కాసేపు వంకాయలు ఏరుతూ ఉండిపోయింది. "అయితే మంచివాళ్లు కాదంటారా?" అంది.

"ఒకటో తారీఖాయన" అన్నాను.

ఆవిడకి అర్థం చెప్పాల్సిన అవసరం రాలేదు. "ఇప్పుడు మేమున్న ఇంటికీ ఆయనేనండీ" అంది.